చేను ఒకటే: నాన్నకు పెన్నేరు, తమ్ముడికి శ్రీగంధం

అనంతపురం జిల్లా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 39 ఏళ్ళు, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలు. భర్త, ఇద్దరు పిల్లలతో జిల్లా కేంద్రంలో ఉంటున్నారు. పుట్టిల్లు అక్కడికి గంట ప్రయాణం దూరంలో ఉన్న పల్లె. తండ్రికి మూడున్నర ఎకరాల చేను ఉంది. అందులో మూడు ఎకరాలు ఎర్రనేల, చెరువు వైపు దిగువన ఉన్న అర ఎకరం బంకమట్టి. బోరులో ఒకటిన్నర అంగుళం నీరు, అదీ ఎండాకాలంలో సన్నబడిపోతుంది.

తండ్రికి 67 ఏళ్ళు. జీవితమంతా వేరుశనగే వేశారు. కొన్నేళ్ళుగా పెట్టుబడి తిరిగి రావడమే గగనమైంది. పొరుగు రైతు ఒకరు పెన్నేరు, అంటే అశ్వగంధ, వేసి మంచి ధరకు అమ్ముకోవడం చూసి, ఈ ఏడాది తానూ మూడు ఎకరాల్లో అదే చల్లుతానని పట్టుబట్టారు. బెంగళూరులో ఇంజనీరుగా ఉద్యోగం చేస్తున్న తమ్ముడు, 34 ఏళ్ళవాడు, చేనంతా శ్రీగంధం నాటాలంటున్నాడు. ఒక నర్సరీ కంపెనీ ఏజెంటు అతనికి రంగుల కరపత్రం ఇచ్చాడు. ఎకరానికి 450 మొక్కలు, పన్నెండేళ్ళకు చెట్టుకు 15 కిలోల చేవ (మాను లోపలి గట్టి చెక్క), కిలో పది వేలు, వెరసి ఎకరానికి ఆరు కోట్ల డెబ్బై అయిదు లక్షలు అని అందులో ఉంది. మొక్కలు, డ్రిప్పు, కంచె కోసం అక్కను మూడు లక్షలు సర్దమని అడిగాడు.

సంక్రాంతికి ఇంట్లో మాటామాటా పెరిగింది. "నేను పోయాక నరికే చెట్టుకు నన్ను కాపలా పెడతావా?" అని తండ్రి అన్నారు. "ఆరు నెలలకు మించి ముందుకు చూడడం నాన్నకు చేతకాదు" అని కొడుకు అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరి మధ్య మాటలు లేవు. ఇద్దరూ విడివిడిగా అక్కకు ఫోను చేసి, రెండో వాళ్ళకు నచ్చజెప్పమంటున్నారు. ఉత్తరం చివరన ఆమె మరో రెండు సంగతులు రాశారు. పొరుగాయన ఇచ్చిన పెన్నేరు పొడిని తండ్రి రోజూ పాలలో కలిపి తల్లికి కూడా ఇస్తున్నారు, ఆమె థైరాయిడ్ మాత్రలు వాడుతున్నారు. రెండోది: "నాకు ఆ భూమిలో వాటా అక్కరలేదు, ఇద్దరూ కలిసి ఉంటే చాలు. ఏ మొక్క వేస్తే మంచిదో మీరు ఒక్క మాట చెబితే, మీరే చెప్పారని ఇద్దరికీ చెప్తాను."

సమాధానం:

అమ్మా, ఆ ఒక్క మాట నేను చెప్పను. చెబితే మీ ఇంట్లో మూడో పక్షం తయారవుతుంది తప్ప తగవు తీరదు. రెండు మొక్కల సంగతీ ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఏ దారిలో వెళితే ఎవరి మీద ఎంత భారం పడుతుందో కూడా చెబుతాను. ఎంచుకోవలసింది మీరు ముగ్గురు, మీ అమ్మగారితో కలిపి నలుగురు. ఆవిడ అభిప్రాయం ఏమిటో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. అడిగి చూడండి.

అన్నిటికంటే ముందు ఆ పొడి సంగతి, ఎందుకంటే అది చేను సంగతిలా జూన్ వానల దాకా ఆగేది కాదు. పెన్నేరు వేరు మన వైద్యంలో పేరున్న మందే. బలానికీ నిద్రకూ తరతరాలుగా వాడుతున్నారు. అయితే అది థైరాయిడ్ హార్మోన్ల స్థాయిని పెంచగలదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దీన్నీ కలిపి తీసుకుంటే మోతాదు లెక్క తప్పుతుంది. మధుమేహానికి, రక్తపోటుకు, నిద్రకు మందులు వాడేవారూ, గర్భిణులూ వైద్యుణ్ణి అడగకుండా ముట్టకూడదు. కొద్దిమందిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికలకెక్కాయి. ఇలాంటి అనుమానాలతోనే డెన్మార్క్ 2023లో దీన్ని ఆహార పదార్థాల్లో నిషేధించింది. మన దేశంలో అలాంటి నిషేధం లేదు. ఇంట్లో పండిందనో, పక్కింటాయన ఇచ్చాడనో మందు మందు కాకుండా పోదు. మీ అమ్మగారి పొడి ఈ రోజే ఆపించి, మాత్రలు రాసిన డాక్టరుకు సంగతి చెప్పి, రక్తపరీక్ష చేయించండి. నాన్నగారు నొచ్చుకుంటారని మొహమాటపడవద్దు.

ఇక చేను విషయానికి వద్దాం.

మీ నాన్నగారు పెన్నేరును ఎందుకు ఇష్టపడ్డారో నాకు బాగానే అర్థమైంది. అది ఆయనకు తెలిసిన నేలకూ, తెలిసిన వానకూ సరిపోయే పంట. ఇసుక పాలు ఎక్కువ ఉన్న తేలికపాటి ఎర్రనేల, నీరు నిలవని వాలు, కాస్త క్షారం వైపు మొగ్గిన మట్టి, ఇవన్నీ దానికి ఇష్టం. ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన హాయిగా సరిపోతుంది. మీ జిల్లా సగటు 550 చుట్టుపక్కల ఉంటుంది, కాబట్టి మంచి ఏడాది వానతోనే గడిచిపోతుంది, బెట్ట వచ్చిన ఏడాది ఒకటి రెండు తడులు ఇవ్వవలసి రావచ్చు. ఎరువులు పెద్దగా అడగదు. అడగలేదు కదా అని యూరియా చల్లితే ఆకు ఏపుగా వస్తుంది, వేరు సన్నబడుతుంది. అమ్ముకునేది వేరు. ఆకులు వాడవద్దని, వేరు మాత్రమే వాడాలని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో మందుల తయారీదారులకు సూచించింది కూడా.

జూలై నుంచి సెప్టెంబరు లోపల పదును చూసి చల్లుతారు. గింజ మరీ సన్నది కాబట్టి ఇసుకలో కలిపి చల్లాలి. ఎకరానికి నాలుగైదు కిలోలు పడుతుంది, సాళ్ళలో వేస్తే ఇంకా తక్కువ. గింజకు మొలకశక్తి త్వరగా పోతుంది. పొరుగాయన నిరుటి గింజ ఉచితంగా ఇస్తానన్నారని రాశారు. దాన్ని గుప్పెడు తడిబట్టలో మూట కట్టి మొలక చూసుకోకుండా చేనంతా చల్లవద్దని నాన్నగారికి చెప్పండి. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ నుంచి వచ్చిన జవహర్ అశ్వగంధ-20, లక్నోలోని సీమాప్ సంస్థ ఇచ్చిన పోషిత వంటి రకాలు ఉన్నాయి. సీమాప్‌కు హైదరాబాదు బోడుప్పల్‌లో కేంద్రం ఉంది, విత్తనం గురించి అక్కడ అడగవచ్చు.

మొలిచిన నెలకు కలుపు తీస్తూ మొక్కలను పలచన చేయాలి. నీరు నిలిస్తే నారు కుళ్ళుతుంది. వంగ, టమాటాల కుటుంబానికి చెందిన మొక్క కాబట్టి వంగను తినే అక్షింతల పురుగు దీన్నీ తింటుంది. అదే కారణంగా టమాటా తీసిన చేలో వెంటనే వేయకూడదు, ఒకే చేలో ఏటా వేయకూడదు. మూడు ఎకరాలూ ఏటా పెన్నేరే అన్న నాన్నగారి ప్రణాళికలో నాకు కనిపించే మొదటి లోపం ఇదే. రెండో మూడో ఏట కుళ్ళు తెగుళ్ళు చేలో స్థిరపడితే వదిలించుకోవడం కష్టం.

అయిదారు నెలలకు ఆకులు ఎండి, కాయలు ఎర్రబారాక మొక్కను వేరుతో సహా పీకుతారు. అసలు చాకిరీ అప్పుడు మొదలవుతుంది. వేరును మొదలు దగ్గర కోయాలి, మన్ను దులపాలి, వేలెడు ముక్కలుగా కత్తిరించాలి, ఆరబెట్టాలి, లావు సన్నం చూసి గ్రేడులు చేయాలి. ఆరబెట్టినది వానకు తడిసిందా, రంగు మారి ధర పడిపోతుంది. ఎకరానికి ఎండు వేరు ఒకటిన్నర నుంచి మూడు క్వింటాళ్ళ దాకా రావచ్చు. లావుగా, తెల్లగా, విరిస్తే పుటుక్కున విరిగే వేరుకు ఒక ధర, పిలకవేళ్ళకు మరో ధర. పొరుగాయన మీ నాన్నగారికి చెప్పిన ధర మొదటి గ్రేడుదా, మొత్తం సరుకు సగటా? ఆయన ఎవరికి అమ్మారు? దేశంలో దీనికి పెద్ద మార్కెట్టు మధ్యప్రదేశ్‌లోని నీమచ్. అక్కడ సరుకు పోటెత్తిన ఏడాది ఇక్కడి వ్యాపారి ఫోను ఎత్తడు. కొనేవాడి పేరు, తూకం ఎక్కడ, తేమ ఎంత ఉంటే తీసుకుంటాడు, డబ్బు ఎన్నాళ్ళకు ఇస్తాడు, ఈ నాలుగూ తెలియకుండా మూడు ఎకరాలు చల్లడం జూదమే. ఎకరంతో మొదలుపెడితే నష్టం వచ్చినా తట్టుకోవచ్చు. కూలి ఖర్చు కూడా అప్పుడు ఆయనకే తెలిసివస్తుంది.

ఇప్పుడు తమ్ముడి శ్రీగంధం.

ముందు ఆ కరపత్రం. అందులో గుణకారం తప్పు లేదు. 450ని 15తో, దాన్ని పది వేలతో హెచ్చవేస్తే అంతే వస్తుంది. కానీ శ్రీగంధం తన కాళ్ళ మీద తాను పూర్తిగా నిలబడే చెట్టు కాదు. ఆకులతో తన ఆహారం కొంత తాను చేసుకుంటుంది, నీరూ పోషకాలూ మాత్రం పక్క మొక్కల వేళ్ళను పట్టుకుని పీల్చుకుంటుంది. మూడు వందలకు పైగా జాతుల మొక్కలను అది ఇలా పట్టుకోగలదు. నర్సరీ సంచిలో పొన్నగంటి కూరను తోడుగా పెంచుతారు. చేలో నాటాక మొదటి రెండు మూడేళ్ళు కంది, ఆ తరువాత జీవితకాలం తోడుగా సరుగుడు, కానుగ, నల్లతుమ్మ వంటి చెట్టు ఉండాలి. తోడు లేనిది బతికినా గిడసబారిపోతుంది. ఎకరానికి 450 మొక్కలంటే మూడు మీటర్లకు ఒకటి చొప్పున చేను మొత్తం గంధమే. మరి తోడు చెట్లు ఎక్కడ నిలబడతాయి? వాటికి చోటు ఇస్తే గంధం మొక్కలు సగానికి దిగుతాయి. అందులో కొన్ని చస్తాయి. నాటే ముందే ఆరు కోట్లు మూడు కోట్ల లోపుకు వచ్చిందా లేదా, మీ తమ్ముడినే లెక్క వేయమనండి. ఇంజనీరు కదా.

ఆ తరువాత చేవ. సువాసన, తైలం అంతా మాను లోపలి చేవలోనూ వేళ్ళలోనూ ఉంటుంది. బయటి తెల్ల చెక్కకు వాసన లేదు. చేవ కట్టడం సుమారు ఎనిమిది, పదేళ్ళ తరువాత మొదలవుతుంది. ఒకే చేలో ఒకే రోజు నాటిన చెట్లలో కూడా ఒకదానికి ఎక్కువ, ఒకదానికి దాదాపు సున్నా ఉండవచ్చు. నీళ్ళు దండిగా పట్టి లావెక్కిన చెట్టులో చేవ కూడా అంతే ఉంటుందని భరోసా లేదు. పన్నెండేళ్ళకు చెట్టుకు 15 కిలోలన్నది కరపత్రాల్లో కాసే పంట. పదిహేను, ఇరవై ఏళ్ళు ఆగగలిగినవాళ్ళ కోసమే ఈ చెట్టు.

ధర మాటా చూడండి. గంధానికి గిరాకీ ఉంది, ఉంటుంది కూడా. అత్తరులకు, సబ్బులకు, అగరుబత్తులకు కావాలి. మైసూరులో 1916 నుంచి గంధపు నూనె తీస్తున్నారు. సింహాచలంలో చందనోత్సవానికి స్వామికి పూసే గంధం కూడా ఎక్కడో ఒక చెట్టు నుంచే రావాలి. అయితే ఇప్పటి ధర అడవుల్లో చెట్టు తరిగిపోయినందువల్ల పెరిగిన ధర. 1792లో టిప్పు సుల్తాను దీన్ని రాజవృక్షంగా ప్రకటించిన నాటి నుంచి 2001లో కర్ణాటక చట్టం మార్చేదాకా, సొంత పెరట్లో మొలిచినా అక్కడ చెట్టు సర్కారుదే. తమిళనాడు ఆ మరుసటి ఏడాది మార్చుకుంది. అప్పటి నుంచి దక్షిణాదిలో రైతులు విరివిగా నాటుతున్నారు, ఆ చెట్లన్నీ ఇంచుమించు ఒకే కాలంలో కోతకు వస్తాయి. ఆస్ట్రేలియా ఉత్తరాన మన శ్రీగంధాన్నే వేల హెక్టార్లలో నాటిన క్వింటిస్ అనే కంపెనీ అప్పులు తీర్చలేక 2018లో రిసీవర్ల (అప్పు ఇచ్చినవాళ్ళ తరఫున ఆస్తులు చేపట్టేవాళ్ళ) చేతికి వెళ్ళింది. నీటిపారుదల, శాస్త్రవేత్తలు, పెట్టుబడి అన్నీ ఉన్నవాళ్ళ గతి అది. చెట్టు మంచిది కాదని ఇందుకు అర్థం కాదు. పదిహేనేళ్ళ తరువాతి ధరను ఈ రోజు కాగితం మీద వేయడం కుదరదు.

తెగుళ్ళలో స్పైక్ తెగులు ఒకటి గుర్తుంచుకోండి. 1899లో కొడగులో మొదట గుర్తించారు. ఆకులు చిన్నవై, కొమ్మలు కదురుల్లా నిక్కబొడుచుకుని చెట్టు ఎండిపోతుంది. దీనికి ఇప్పటికీ మందు లేదు. ఆకులపై వాలే పురుగులు దీన్ని మోస్తాయి. నారు మొక్కలు ఎక్కడివి, ఏ తల్లి చెట్ల గింజలు అని అడగడం అందుకే ముఖ్యం. బెంగళూరులోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ ఈ చెట్టు మీద ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. మీ తమ్ముడు ఉండేది ఆ ఊళ్ళోనే. ఏజెంటు దగ్గరికి వెళ్ళేకంటే ఒక రోజు సెలవు పెట్టి అక్కడికి వెళ్ళిరావడం మేలు.

ఇక దొంగలు. చేవ కట్టిందని తెలిసిన రోజు నుంచి చేను నగల దుకాణమే. మానుకు రంధ్రం వేసి చేవ ఉందో లేదో చూసి మరీ రాత్రికి రాత్రి కోసుకుపోతారు. కంచె, దీపాలు, కెమెరా, కుక్కలు, వీటన్నిటితో పాటు ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరు? మీ నాన్నగారు కోపంగా అన్నమాటలో ఈ ప్రశ్న ఉంది. మీ తమ్ముడు అందులో నింద మాత్రమే విన్నాడు. చెట్టుకు పదేళ్ళు వచ్చి కాపలా అవసరమయ్యే నాటికి నాన్నగారికి 77, కోతకు వచ్చేసరికి 82 దాటుతాయి. మీ తమ్ముడు అప్పటికి ఊరికి తిరిగి వస్తాడా, ఏడాదికి రెండు పండుగలకే వస్తాడా? ఈ సంగతి ఆయన నోరు తెరిచి అడగలేదు. పెన్నేరు పేరు చెప్పి తప్పించుకున్నారు. ఇతను సూటిగా జవాబు చెప్పలేదు. ఆరు కోట్ల కరపత్రం చూపించాడు. నన్నడిగితే, మీరు ఇద్దరి మధ్యా మోయవలసిన మాట ఇదొక్కటే: "నువ్వు ఎప్పటికైనా ఊరికి వస్తావా?" దానికి ఏ జవాబు వచ్చినా తప్పు లేదు. రాను అన్నా తప్పు లేదు. రానివాడు చేనంతా గంధం నాటడం మాత్రం తప్పు.

మీ గురించి కూడా రెండు మాటలు. "నాకు వాటా అక్కరలేదు" అని రాశారు, రెండు వాక్యాల తరువాత మూడు లక్షలు ఇవ్వనా వద్దా అని అడిగారు. పెన్నేరు లాంటి ఆరు నెలల పంటకు డబ్బు సర్దితే మార్చికల్లా లెక్క తేలుతుంది, వచ్చినా పోయినా ఎవరి దారి వారిది. చెట్టు అలా కాదు. నాటిన రోజు నుంచి నరికే రోజు దాకా భూమిని పంచడం దాదాపు కుదరదు. చేను మధ్యలో గట్టు వేస్తే మంచి చెట్లు ఎటువైపు పడ్డాయన్నది కొత్త తగవు అవుతుంది. ఇరవై ఏళ్ళలో మీ తమ్ముడికి పిల్లలు పెద్దవుతారు, మీ పిల్లలకు పెళ్ళిళ్ళు అవుతాయి, ఇళ్ళలోకి కొత్త మనుషులు వస్తారు. ఇప్పటి మీ ముగ్గురి మంచితనాన్ని నమ్మి ఇరవై ఏళ్ళ ఒప్పందం నోటిమాటగా చేసుకోకండి. తాతల నాటి ఆస్తి అయితే అందులో మీకు పుట్టుకతో హక్కు ఉంది. మన రాష్ట్రం ఆడపిల్లలకు ఆ హక్కును 1985లోనే ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. నాన్నగారు సొంతంగా కొన్నదైతే వీలునామా ఆయన ఇష్టం. వాటా వదులుకోవాలనుకుంటే వదులుకోండి, అది మీ ఇష్టం. కానీ తగవు తీర్చడానికి లంచంగా వదులుకోవద్దు. మూడు లక్షలు ఇస్తే అది అప్పా, పెట్టుబడా, చెల్లెలి కట్నంలా తిరిగి అడగనిదా, ఏదో ఒకటి కాగితం మీద ఉండాలి.

ఇప్పుడు దారులు చూద్దాం.

నాన్నగారి మాట ప్రకారం పూర్తిగా పెన్నేరు వైపు వెళితే, ఆయన చేతిలో పని, మార్చిలో డబ్బు, ఇంట్లో ఆయన మాటకు విలువ ఉంటాయి. తమ్ముడి ముఖం ముడుచుకుంటుంది, కానీ ఏ ఏడాదైనా మార్చుకోగలిగిన నిర్ణయం అది. ప్రమాదమల్లా ధర, తెగులు, కోతకాలపు కూలీలు. దీనికి విరుగుడు నేను ముందే చెప్పాను: మొదటి ఏడు ఎకరం, మిగతా రెండు ఎకరాల్లో వేరుశనగో కందో, మరుసటి ఏడు చేను మార్చడం. కొనేవాడు దొరక్కపోతే ఎండు వేరును పొడి చోట కొన్నాళ్ళు దాచుకోవచ్చు, టమాటాలా మర్నాటికి కుళ్ళదు.

తమ్ముడి మాట ప్రకారం మూడు ఎకరాలూ గంధం అయితే, మొదటి అయిదారేళ్ళు ఖర్చే. ఒకటిన్నర అంగుళం బోరు ఎండాకాలంలో మూడు ఎకరాల లేత మొక్కలను కాపాడుతుందని నేను నమ్మను. లేత గంధానికి మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీరు తప్పనిసరి. నాన్నగారికి సొంత చేలో జీతంలేని కాపలాదారు పదవి మిగులుతుంది. ఇందులో నాకు మంచి కనిపించేది ఒక్కటే: చేను బీడు పడదు, అమ్ముడు పోదు.

మూడో దారి రెంటినీ కలపడం. అయితే ఒకే సాళ్ళలో కలపకూడదు. గంధం మొక్కల మధ్య ఖాళీల్లో పెన్నేరు వేస్తే చాలు కదా అని ఎవరో మీ తమ్ముడికి చెప్పారట. మొదటి ఏడాది అది కాగితం మీద బాగుంటుంది. కానీ పెన్నేరు పంట అంటే నేలను కదిపి వేరును పీకడం. పక్కనున్న గంధం వేళ్ళు అప్పటికే చుట్టూ పాకి దొరికిన వేరునల్లా పట్టుకుని ఉంటాయి. పీకినప్పుడల్లా ఆ పట్టు తెగుతుంది. నీడ పడ్డాక పెన్నేరూ సరిగా ఊరదు. కాబట్టి విడివిడిగా పెట్టుకోండి. బోరు దగ్గర, ఇంటికీ దారికీ కనబడేలా ఒక ఎకరమో, అంతకంటే తక్కువో గంధానికి ఇవ్వండి. దాని మధ్య నాన్నగారు కంది వేసుకోవచ్చు, అది గంధానికి మొదటి తోడు, ఇంటికి పప్పు. మిగతా రెండు ఎకరాలు ఆయనవి: ఒక ఏడు ఇటు పెన్నేరు అటు వేరుశనగ, మరుసటి ఏడు తారుమారు. చెరువు వైపు బంకమట్టి అర ఎకరంలో రెండూ వద్దు. నీరు నిలిచే చోట పెన్నేరు కుళ్ళుతుంది, గంధం చచ్చిపోతుంది. గడ్డి వేసి ఒక గేదెను కట్టుకున్నా నయమే.

ఈ దారికీ ఇబ్బంది ఉంది. ఎకరంలోని రెండు వందల గంధం చెట్లకు కూడా మూడు ఎకరాలకు పెట్టినంత కాపలా పెట్టాలి. ఖర్చు తగ్గేది మొక్కలకే. ఇద్దరికీ సగం సగం ఇచ్చినట్టు పైకి కనిపిస్తుంది, కానీ తమ్ముడు తన ఎకరం పెట్టుబడిని తానే భరించాలి, ఎండాకాలంలో నెలకోసారైనా వచ్చి డ్రిప్పు చూసుకోవాలి. రెండేళ్ళు అలా వస్తే అతను ఊరికి వచ్చే మనిషో కాదో మీకూ, నాన్నగారికీ, అతనికీ కూడా తెలిసిపోతుంది. రాకపోతే పోయేది ఎకరమే.

నాలుగో దారి ఈ ఏడాది ఏమీ మార్చకపోవడం. వేరుశనగ, కంది ఎప్పటిలాగే వేసి, మట్టి పరీక్ష చేయించి, పెన్నేరు కొనేవాళ్ళను వెతికి, గంధం పెంచుతున్న నాలుగైదు తోటలు చూసిరావడం. పదేళ్ళు దాటిన తోటలనే చూడాలి, రెండేళ్ళ తోటలన్నీ అందంగానే ఉంటాయి. దీనివల్ల తగవు ఒక ఏడాది సాగుతుంది. తండ్రీ కొడుకులు కలిసి ఆ తోటలకు వెళ్ళగలిగితే ఆ ఏడాది వృథా కాదు. వెళ్ళలేకపోతే, మీరు మధ్యలో మోస్తున్న ఫోన్ల బరువు మరో ఏడాది మోయాలి. అప్పుడు కనీసం ఒక నియమం పెట్టుకోండి: చేను గురించి మాట్లాడాలంటే ముగ్గురూ ఒకే ఫోనులో ఉండాలి, లేకపోతే మీరు వినరు.

గంధం ఎంత నాటినా సరే, నాటిన ఏడాదే అడంగల్‌లోనూ ఈ-పంటలోనూ చెట్ల సంఖ్యతో నమోదు చేయించండి. అటవీ రేంజి కార్యాలయానికి రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. మన దగ్గర శ్రీగంధాన్ని నరకాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. పదిహేనేళ్ళ తరువాత "ఈ చెట్టు నాదే" అని చూపించడానికి అప్పటి కాగితమే ఆధారం. కోసేటప్పుడు వేళ్ళతో సహా పెకలించాలి, తైలం ఎక్కువగా ఉండేది అక్కడే.

ఇవన్నీ వానలు పడేలోగా తేలకపోతే కంగారు పడకండి. పెన్నేరుకు ఆగస్టు దాకా సమయం ఉంది. గంధానికి వచ్చే ఏడు కూడా ఉంది. తొందరంతా ఏజెంటుది, "ఈ నెలాఖరులోగా బుక్ చేస్తే రాయితీ" అన్నాడని రాశారు కదా. ఆ కంపెనీ పంట తిరిగి కొంటామని ఒప్పందం రాసిస్తుందట. మీ తమ్ముడు బయానా కట్టకముందే దాని నకలు తెప్పించి ఒక న్యాయవాదికి చూపించండి. కొనేనాటి ధర ఎవరు నిర్ణయిస్తారు, చేవ బరువు ఎవరు తూస్తారు, కంపెనీ మూతపడితే ఆ హామీ ఎవరి మీద ఉంటుంది, ఈ మూడూ అందులో ఎక్కడ రాశారో వేలుపెట్టి చూపించమనండి. రాసి లేకపోతే, మూడు లక్షల గురించి తమ్ముడికి ఏం చెప్పాలో మీరు నన్ను అడగనవసరం లేదు.